గోడా చెంపా

మరీ వెనకటి మాట కాదు. కామాటిపురలో ఒక ముసలి తాపీ మేస్త్రీ ఉండేవాడు. ఆ పేటలో గల్లీలను నంబరుతోనే పిలుచుకుంటారు. అలాంటి ఒక నంబరు గల్లీలో, పాత చాల్ రెండో అంతస్తులో, ఒక ఖోలీ అతనిది. అందులో అతనూ, అతని భార్యా, కోడలూ, మనవరాలూ ఉండేవారు. కొడుకు దుబాయిలో ఉండేవాడు.

మేస్త్రీ పూర్వీకులు నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చినవాళ్ళు. 18వ శతాబ్దం చివర బొంబాయి దీవుల మధ్యకు సముద్రం పొంగి రాకుండా హార్న్‌బీ వెల్లార్డ్ అనే పెద్ద కట్ట కట్టారు. కట్ట వెనక బురదనేలలు మెల్లగా ఆరాయి, మట్టి పోయించుకున్నాయి, పేటలయ్యాయి. ఆ మట్టి మోసి, ఆ గోడలు లేపిన తెలుగువాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటే కామాటిపుర. తర్వాతి కాలంలో కొన్ని గల్లీల్లో జరిగే పడుపు వ్యాపారం పేట మొత్తానికీ పేరై కూర్చుంది. తక్కిన గల్లీల్లో మగ్గం పనివాళ్ళూ, మిల్లు కార్మికులూ, తాపీవాళ్ళూ, బీడీలు చుట్టే ఆడవాళ్ళూ తరాల తరబడి సంసారాలు చేసుకున్నారని ఊరికి పట్టలేదు. మేస్త్రీ మనవరాలిని ఎవరైనా అడ్రసు అడిగితే ముంబయి సెంట్రల్ అని చెప్పేది. అది అబద్ధమూ కాదు, స్టేషనుకు నడిచిపోవచ్చు.

ఆ అమ్మాయికి పదిహేనో ఏట మొదలైన మొటిమలు ఇరవయ్యో ఏటికి తగ్గాయి గాని, చెంపల నిండా గుంటలు వదిలిపోయాయి. గోళ్ళతో గిల్లిన పాపం కొంత, ఒంటి తీరు కొంత. చదువయ్యాక ఒక మాల్‌లో సెల్‌ఫోన్ల కొట్లో కుదిరింది. అక్కడి దీపాలు నెత్తిమీద నుంచి పడేవి. పైనుంచి పడే వెలుగులో గుంటలన్నీ నీడలు పోసుకునేవి. వచ్చినవాళ్ళు ఫోను చూసేవారు, ఆ తర్వాత ఆమె ముఖం చూసేవారు, మళ్ళీ ఫోను చూసేవారు. రెండేళ్ళు జీతంలో కొంత కొంత వెనకేసుకుని లేజరు చేయించుకోవాలని నిశ్చయించుకుంది.

ఈ లేజరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. బొగ్గుపులుసు వాయువు నుంచి ఈ కిరణాన్ని రప్పించవచ్చని 1964లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టినాయన కుమార్ పటేల్. పుట్టింది మహారాష్ట్రలోనే, బారామతిలో. డిగ్రీ చదివింది పుణెలో. లోహాన్ని కోసే కిరణమే చర్మానికీ పనికొచ్చింది. చర్మంలో ఉన్నదంతా చాలావరకు నీరే గనక, కిరణాన్ని ఆ నీరు పట్టుకుని క్షణంలో ఆవిరవుతుంది, ఆ చోటి చర్మం దాంతోపాటే లేచిపోతుంది. మొదట్లో ముఖమంతా ఒక్కసారే కాల్చేవారు. 2004 తర్వాత సన్న చుక్కలుగా మాత్రమే కాల్చి, చుక్కకూ చుక్కకూ మధ్య చర్మాన్ని ముట్టుకోకుండా వదిలే పద్ధతి వచ్చింది. ఆ వదిలేసిన చర్మమే పక్కనున్న చుక్కలను పూడుస్తుంది. డాక్టరు చేసేది గాయం. పూడ్చే పని ఒంటిది.

ఒక మంగళవారం అమ్మాయి క్లినిక్కుకు వెళ్ళింది. మొహానికి మత్తు క్రీము పట్టించి గంటసేపు కూర్చోబెట్టారు. కళ్ళమీద మూతలు పెట్టారు. యంత్రం టకటక కొట్టుకుంటూ చెంపలమీద తిరిగింది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. ఆ పని అరగంటలో అయిపోయింది. తర్వాత డాక్టరు చెప్పిన జాగ్రత్తలు వినడానికే ఇంకా ఎక్కువసేపు పట్టింది. మొహం రెండు మూడు రోజులు ఉబ్బుతుంది, నీరు కారుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళతో మెల్లగా కడిగి, వాజలీను పూస్తూనే ఉండాలి, ఎండనివ్వకూడదు. తర్వాత గోధుమరంగు గరుకు చుక్కలు వస్తాయి, వాటిని గిల్లకూడదు, రుద్దకూడదు, అవే రాలాలి. ఎండ తగలకూడదు. చామనఛాయ, నలుపు చర్మాలకు ఒక చిక్కుంది. కాలినా గీరుకున్నా ఆ మేర నల్లబడి నెలల తరబడి ఉండిపోతుంది. చుక్కలు రాలడానికి వారం, ఎరుపు తగ్గడానికి ఒకటి రెండు నెలలు, గుంటల అడుగున కొత్త కండ పట్టడానికి ఆరు నెలల దాకా.

ఇంటికొచ్చి అమ్మాయి ఇదంతా చెప్పింది. తల్లికి అందులో వారం అన్న మాట ఒక్కటే వినపడింది. వినపడటానికి కారణముంది. వచ్చే ఆదివారం షోలాపూర్ నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారు. అమ్మాయి లేజరు తేదీ ముందే తీసుకుంది, షోలాపూర్‌వాళ్ళు తర్వాత కబురు పెట్టారు. తల్లి రెండింట్లో ఏదీ వదులుకోలేకపోయింది.

చాల్‌లో మొహం దాచుకోవడం తేలిక కాదు. నల్లా నీళ్ళు తెల్లవారుజామున గంటసేపు వచ్చేవి. ఆ గంటలో అందరి తలుపులూ తెరుచుకునేవి. పాయిఖానాలు గ్యాలరీ చివర ఉండేవి. అక్కడికి పోవాలంటే పన్నెండు గుమ్మాలు దాటాలి. అమ్మాయి మొహం మొదటిరోజు ఎర్రగా వాచి, రెండోరోజు కళ్ళు మూసుకుపోయేలా ఉబ్బి, మూడోరోజు నూనె కారుతున్నట్టు మెరుస్తూ ఉండేది. మధ్యాహ్నం గ్యాలరీలోకి ఎండ వాలేది గనక అవ్వ నల్లగొడుగు విప్పి, మనవరాలికి ఎండవైపు నడుస్తూ, పన్నెండు గుమ్మాలూ దాటించి, తలుపు బయట గొడుగుతోనే నిలబడి, మళ్ళీ వెనక్కు తెచ్చేది. ఇంటి కప్పు కింద గొడుగేమిటని పిల్లలు నవ్వారు. అవ్వ నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. పిల్లల నవ్వులకు తల తిప్పేది కాదు.

రాత్రిళ్ళు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలని డాక్టరు చెప్పింది. ఖోలీలో నలుగురు పడుకున్నాక కాలు చాపుకునే చోటే కష్టం. బియ్యం మూటను గోడకు చేర్చి, దానిమీద ఉతికిన పాత నూలుచీర పరిచి, అమ్మాయి దానికి ఆనుకుని కూర్చున్నట్టే నిద్రపోయింది. పొద్దున చూస్తే చీరకు వాజలీను మరకలూ, పసుపురంగు రసి చారలూ ఉండేవి. అవ్వ చీరను రోజూ వేణ్ణీళ్ళలో ఉడకేసేది.

సలహాలు గుమ్మందాకా నడిచి వచ్చేవి. ఒకామె కలబంద తెచ్చింది. ఒకామె టూత్‌పేస్టు పూయమంది. ఎదురు ఖోలీ ఆవిడ మందుల షాపులో కొన్న ట్యూబు తెచ్చి, తన కూతురు మొహం రెండు రోజుల్లో తెల్లబడిందని చెప్పింది. అది స్టెరాయిడ్ కలిపిన క్రీము. ఇలాంటి కొన్నింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం కట్టడి చేసింది. కట్టడి కాగితం మీద ఉంది, ట్యూబు గూట్లో ఉంది. అమ్మాయి ఆ ట్యూబు తీసుకుని, థాంక్స్ చెప్పి, అవ్వ చేతికిచ్చింది. అవ్వ దాన్ని బీడీ ఆకుల చెత్తలో చుట్టి పారేసింది.

ఆ వారంలోనే చాల్‌లో గోడల మరమ్మతు జరిగింది. వానలకు పెచ్చులూడిన గ్యాలరీ గోడను కంట్రాక్టరు మనుషులు గీకేసి కొత్తగా ప్లాస్టరు చేశారు. రెండు రోజుల్లో పని ముగించి, నున్నగా సిమెంటు పాలు తుడిచి, సామాను సర్దుకుని పోయారు. గోడ చూడముచ్చటగా ఉంది. మర్నాడు పొద్దున్నే ముసలి మేస్త్రీ తన గుమ్మం పక్క గోడకు గోనెపట్టాలు వేలాడదీసి, మగ్గుతో నీళ్ళు చల్లడం మొదలుపెట్టాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. నీళ్ళకు కటకటలాడే చోట గోడకు నీళ్ళు పోస్తున్నాడని చాల్‌లో గొడవైంది. మేస్త్రీ వాదానికి దిగలేదు. తాను సగం బకెట్టుతో స్నానం చేసి, మిగిలిన సగం గోడకు పోశాడు. సిమెంటు ఎండి గట్టిపడదనీ, నీరు తాగుతూ గట్టిపడుతుందనీ అతని చేతులకు తెలుసు. తడి తొందరగా పోతే పైన నున్నగానే ఉంటుంది, లోపల పట్టు రాదు. గోనెపట్టాలు మాత్రం చూడటానికి మహా అసహ్యంగా ఉండేవి. పెళ్ళిచూపులవాళ్ళు వచ్చేసరికైనా తీసెయ్యమని కోడలు రెండుసార్లు అడిగింది. అతను వినపడనట్టు ఊరుకున్నాడు.

మొదట్లో మనవరాలి మొహానికీ నీళ్ళే చల్లాలని అతను అనుకున్నాడు. వాజలీను చాలునని ఆమె చెప్పాక, పగటిపూట తడవ తడవకూ డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టడం తన పనిగా పెట్టుకున్నాడు. 1962లో ఇంగ్లండులో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద చూసి, తడిగా కప్పి ఉంచిన గాయం, గాలికి ఎండి పెచ్చుకట్టిన గాయం కంటే దాదాపు రెట్టింపు వేగంతో పూడుతుందని రుజువు చేశాడు. అంతకుముందు డాక్టర్లు కూడా గాయాన్ని ఆరబెట్టమనే చెప్పేవారు. మేస్త్రీకి ఆ పేరు తెలియదు.

శుక్రవారానికి వాపు దిగింది. శనివారం ఉదయానికి చెంపలమీద గోధుమరంగు చుక్కలు గరుకుగా, ఇసుక అంటుకున్నట్టు నిలిచాయి. అమ్మాయి చిన్న అద్దం పట్టుకుని చూసుకుంది. గుంటలున్న మొహంకంటే ఇది ఘోరంగా ఉందనిపించింది. సాయంత్రం మేనత్త వర్లీ నుంచి వచ్చింది. తల్లీ మేనత్తా మోరీ దగ్గర కూర్చుని చాలాసేపు గుసగుసలాడుకున్నారు. వారమని చెప్పిన డాక్టరు మాట ప్రకారం ఎలాగూ రాలేవే గదా అనుకున్నారు. రేపు రాలేవి ఈ రాత్రి రాలితే నష్టమేమిటనుకున్నారు. శనగపిండిలో పసుపూ మీగడా కలిపి నలుగు సిద్ధం చేశారు. పుట్టినప్పటినుంచీ పిల్ల ఒంటికి మేలు చేసిన నలుగే అది. అమ్మాయికి డాక్టరు మాట గుర్తుంది. కాని ఆదివారం ఆమెకూ ఆదివారమే. చెంప అప్పగించింది.

తల్లి ఎడమ చెంప మొదలుపెట్టింది. మెల్లగానే రుద్దింది, కూతురి మీద ప్రేమతోనే రుద్దింది. చుక్కలు పిండితోపాటు రాలాయి. కింద లేత గులాబీ రంగు చర్మం బయటపడింది. అక్కడక్కడా రక్తం చమర్చింది. మంటకు అమ్మాయి మూలిగింది. ఆ మూలుగుకు మేస్త్రీ లేచి వచ్చి, పిండి గిన్నె తీసుకుని, మోరీలో బోర్లించి, చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. అతను ఒక్క మాట కూడా అనలేదు. కుడి చెంప అలాగే మిగిలిపోయింది.

ఆదివారం షోలాపూర్‌వాళ్ళు వచ్చారు. గ్యాలరీలో గోనెపట్టాలు తప్పించుకుని లోపలికి వచ్చి కూర్చున్నారు. అమ్మాయి ఎడమ చెంప దీపం వైపు, కుడి చెంప నీడ వైపు ఉండేలా మేనత్త ముందే చోటు చూసి పెట్టింది. ఎడమ చెంప మెరుస్తోంది. తల్లికి కడుపు నిండింది. వచ్చినవాళ్ళు ఉప్మా తిన్నారు, చాయ్ తాగారు, పెద్దాయన మేస్త్రీతో సెంట్రింగు పని గురించి కాసేపు మాట్లాడాడు. ఏ సంగతీ కబురు చేస్తామని వెళ్ళారు.

మరో మూడు రోజులకు కుడి చెంప చుక్కలు దిండుగుడ్డ మీద వాటంతటవే రాలిపోయాయి. కింద చర్మం ఎర్రగా, సమంగా ఉంది. ఎడమ చెంప మూడో వారానికి నల్లబడటం మొదలుపెట్టింది. తల్లి వేళ్ళు ఎక్కడెక్కడ తిరిగాయో అక్కడక్కడ మచ్చ తేలింది. నాలుగో వారానికి అది జీడిగింజ ఆకారంలో, చెంపసగం మేర, ముదురుగా నిలబడింది.

గోడ సంగతీ ఆ రోజుల్లోనే తేలింది. చాల్ పొడుగునా నీళ్ళు పట్టని ప్లాస్టరుమీద సన్నని బీటలు వచ్చాయి. పిల్లలు వేలితో తడితే డొల్ల మోగేది. మేస్త్రీ గుమ్మం పక్క నాలుగు గజాలు మాత్రం గట్టిగా, మచ్చలు మచ్చలుగా, అందం లేకుండా నిలిచింది. గోనెలు వేలాడిన చోట చారలు పడ్డాయి. అతను దానికి సున్నం కూడా వేయలేదు.

అమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మచ్చ తగ్గేదాకా రెండోసారి లేజరు లేదని డాక్టరు చెప్పింది. రాత్రికి ఒక మందూ, పగటికి రంగు కలిపిన సన్‌స్క్రీనూ రాసిచ్చింది. ఇలాంటి మచ్చను ఎండే కాదు, పగటి వెలుతురు కూడా ముదురుస్తుంది. ఆ రంగులో ఉండే ఇనుప ఆక్సైడు ఆ వెలుతురును ఆపుతుంది. ఎన్నాళ్ళని అడిగితే, నెలలు అంది. తగ్గుతుందని కూడా అంది. ఇంట్లో అమ్మాయి తల్లిని ఏమీ అనలేదు. తల్లికి అదే ఎక్కువ కష్టమైంది. రోజూ పొద్దున చాయ్ ఇచ్చేటప్పుడు ఎడమ చెంప ఆమె ఎదురుగా ఉండేది. తాను చేసిన పనిని రోజూ చూడక తప్పని శిక్ష మరెవరికీ వద్దు.

ఒకరోజు తల్లి తన కుట్టుమిషను చోటు మార్చింది. చీరలకు ఫాల్, పీకో కుట్టి నాలుగు డబ్బులు సంపాదించే మిషను అది. ఎన్నో ఏళ్ళుగా కిటికీ కింద ఉండేది. దాన్ని గుమ్మానికి అడ్డంగా లాక్కొచ్చి, తాను గుమ్మంలో కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. వెలుతురు తక్కువై కళ్ళు లాగేవి. ఎవరైనా అమ్మాయిని చూడటానికి వస్తే మిషను దగ్గరే కూర్చోబెట్టేది, అక్కడే చాయ్ ఇచ్చేది, పడుకుందని చెప్పి అక్కడినుంచే పంపేది. ఎదురు ఖోలీ ఆవిడ కొత్త ట్యూబు తెచ్చినప్పుడు తల్లి దాన్ని సొరుగులో దారపు కండెల మధ్య పడేసి, ఎదురు ఖోలీ జాకెట్లకు ఆ నెల డబ్బులు తీసుకోలేదు. పన్నెండు గుమ్మాల దారిలో గొడుగు పట్టే పని అవ్వ దగ్గరనుంచి తాను తీసుకుంది. అవ్వ మోకాళ్ళకు కొంచెం సుఖం దొరికింది.

మాఘమాసంలో షోలాపూర్ నుంచి ఫోను వచ్చింది. సంబంధం వాళ్ళకు నచ్చింది గాని, పెద్దవాళ్ళకు చూపించడానికి అమ్మాయి ఫోటో ఒకటి, ఇప్పటిది, కావాలన్నారు. మేనత్త పాత ఫోటో ఒకటి వెతికి పంపుదామంది, లేదంటే స్టూడియోలో మచ్చ తుడిపిద్దామంది. ఫోనులో ఆ సౌకర్యం ఉందని అమ్మాయికి ఇంకా బాగా తెలుసు, ఆమె అమ్మేది ఫోన్లే. తల్లి మిషను ఆపి, ఫోను తీసుకుని, ఫోటో శ్రావణంలో పంపుతామని చెప్పింది. పెళ్ళి ముహూర్తాలకు ఆషాఢం అడ్డమని అందరికీ తెలుసు, ఫోటోకు ఏ మాసమూ అడ్డం కాదని కూడా అందరికీ తెలుసు. అవతలివాళ్ళు ఏమనుకున్నారో గాని, సరేనన్నారు.

వేసవి గడిచింది, వానలు పడ్డాయి. గ్యాలరీలో ఎండ తగ్గింది. ఎడమ చెంప మచ్చ అంచులనుంచి మొదలై పలచబడుతూ వచ్చింది. ఆషాఢంలో కుడి చెంపలో గుంటలు సగానికి పైగా పూడి కనపడ్డాయి, ఎడమ చెంపలోనూ కొన్ని పూడాయి. అన్నీ పోలేదు, పోవని డాక్టరు ముందే చెప్పింది. అమ్మాయి మాల్‌లో పైదీపాల కింద నిలబడే ఫోన్లు అమ్మింది. ఒకరోజు ఎవరో అడ్రసు అడిగితే కామాటిపుర అని చెప్పింది. అడిగినవాళ్ళు పార్సిలు పంపేవాళ్ళు, వాళ్ళకు పిన్‌కోడు కావాలంతే. శ్రావణంలో ఫోటో షోలాపూర్ వెళ్ళింది. అప్పటికి ఆ అబ్బాయికి వేరే సంబంధం కుదిరిందని కొందరన్నారు, ఇదే కుదిరిందని కొందరన్నారు. మనకు కావలసింది అది కాదు గనక దాన్ని వదిలేద్దాం.

బాగుపడుతున్న మనిషి మధ్యలో కొన్నాళ్ళు మునుపటికంటే పాడుగా కనిపించక తప్పదు. ఆ కొన్నాళ్ళు తల్లికి నామోషీగా తోచాయి, తాతకు పనిలో భాగంగా తోచాయి, రెండు చెంపలకూ తేడా అక్కడే వచ్చింది. మన ఇంట్లో ఎవరైనా కోలుకుంటుంటే మన చేతులకు పని కావాలనిపించడం సహజమే, అలాంటప్పుడు మిషనును గుమ్మందాకా లాగి వచ్చినవాళ్ళను అక్కడే కూర్చోబెట్టడం కూడా ఒక పనే.